రాబర్ట్ ఓవెన్: స్వచ్ఛంద సమష్టి జీవనము

సహకారోద్యమ చరిత్రను కొంచెమైనను ఎరిగినవారికి రాబర్ట్ ఓవెన్ పేరు క్రొత్త కాదు. పాఠ్యపుస్తకములలో ఆతనికి రెండు మూడు వాక్యములు దక్కుచుండును. నూలుమిల్లు యజమానియై యుండియు కార్మికుల మేలు కోరిన దయామయుడని ఒకటి. అమెరికాలో సమష్టి గ్రామమును స్థాపించి విఫలుడైన స్వాప్నికుడని మరియొకటి. ఈ వాక్యముల నడుమ గల జీవితమును పరిశీలించినచో, ఆర్థికశాస్త్రవేత్తలు నేటికిని వాదించుకొనుచున్న ఒక ప్రశ్న కండ్లకు కట్టినట్లు కనబడును. వ్యక్తి శ్రమయు ఆస్తియు ఆ వ్యక్తివే, వానిపై ప్రభుత్వమునకుగాని పొరుగువారికిగాని అధికారము లేదు అనెడి స్వేచ్ఛావాదులు, ఉన్నదంతయు ఉమ్మడి చేసికొని ఒకే కుటుంబమువలె జీవింపదలచినవారిని ఏ దృష్టితో చూడవలెను? ఈ రెండును నిప్పును నీరును వంటివని చాలమంది తలంతురు. ఆ తలంపు పూర్తిగ సరియైనది కాదని నా అభిప్రాయము.

ఓవెన్ 1771వ సంవత్సరము మే 14వ తేదీన వేల్సు దేశమందలి న్యూటౌన్ అను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి గుఱ్ఱపు జీనులు కుట్టువాడు. ఇనుప సామానుల వర్తకము చేయుచు ఆ ఊరి టపా వ్యవహారమును కూడ చూచుచుండెను. పదియేండ్ల ప్రాయమునకే ఓవెన్ చదువు ముగిసెను. బాలుడు ఇల్లు విడిచి మొదట లండనులోని అన్న యింటికిని, పిదప స్టామ్‌ఫర్డ్ పట్టణమున మెగఫాగ్ అను బట్టల వర్తకుని యంగడికిని చేరెను. ఆ యజమాని మంచివాడు. మంచి పుస్తకములు గలవాడు. పగలు సన్నని వస్త్రముల నాణ్యమును, తీరిక వేళలందు ఆ పుస్తకములను బాలుడు నేర్చుకొనెను. వివిధ మతములవారు తమదే సత్యమని వాదించుట చూచి, మనుష్యుని నమ్మకములు అతడు ఎన్నుకొన్నవి కావు, పుట్టిన చోటు అంటగట్టినవి అను నిశ్చయమునకు చిన్ననాడే వచ్చెను. మనిషి శీలమును మనిషి తయారు చేసికొనడు, పరిసరములే తయారు చేయును అను ఈ సూత్రమును 87 ఏండ్ల వయస్సు వరకు విడువలేదు. ఆతని బలమును బలహీనతయు అందే యున్నవి.

మాంచెస్టరు చేరిన కొన్ని యేండ్లకు అన్నవద్ద నూరు పౌనులు అప్పు తీసికొని, ఒక భాగస్వామితో కలిసి నూలు వడకు యంత్రములు చేయించు పనికి పూనుకొనెను. అది యెక్కువకాలము సాగలేదు. ఇరువది యేండ్లు నిండీ నిండకముందే, అయిదువందలమంది పనిచేయు డ్రింక్‌వాటర్ మిల్లునకు నిర్వాహకుడయ్యెను. కొద్దికాలములోనే ఆ మిల్లు నూలు సన్నదనమునకు పేరుపొందెను. ఈ సన్నని యంత్రపు నూలే తరువాతి దశాబ్దములలో నౌకలపై మన దేశమునకు వచ్చి, మచిలీపట్టణము మొదలగు ఉత్తర సర్కారుల రేవుల చుట్టుపట్లనున్న నేతపల్లెలను, వడకుచు బ్రతికిన స్త్రీలను ఎట్లు దెబ్బతీసినదో తెలుగువారికి వేరుగ చెప్పనక్కరలేదు. కార్మికబంధువగు ఓవెన్ సంపదయు ఆ వ్యాపారమునుండి వచ్చినదే. ఆతనిని తక్కువ చేయుటకు ఈ మాట వ్రాయుట లేదు. లెక్కలో చేర్పవలసియున్నది గనుక చేర్చితిని.

1799లో స్కాట్లండునందు క్లైడు నది జలపాతముల చెంతనున్న న్యూలానార్క్ మిల్లులను డేవిడ్ డేల్ అను పెద్దమనిషివద్ద ఓవెనును ఆతని భాగస్వాములును 60,000 పౌనులకు, ఇరువదియేండ్ల వాయిదాలపై కొనిరి. ఆ యేడే డేల్ కుమార్తె కెరోలిన్‌ను ఓవెన్ వివాహమాడెను. 1800 జనవరి 1వ తేదీన మిల్లుల నిర్వహణ స్వీకరించెను. అచ్చటి జనులలో దాదాపు అయిదువందలమంది ఎడింబరో, గ్లాస్గో నగరముల అనాథశరణాలయములనుండి తెచ్చిన పిల్లలు. పెద్దలలో త్రాగుడు, చిల్లరదొంగతనములు సామాన్యము. క్రొత్త యజమానిని వారు నమ్మలేదు. కొంతకాలమునకు అమెరికానుండి ప్రత్తి రాక నిలిచి మిల్లులు నాలుగు మాసములు మూతపడెను. ఓవెన్ ఒక్కరినైనను తొలగింపక, యంత్రములను శుభ్రముగ ఉంచు పని మాత్రమే చెప్పి, పూర్తి కూలి చెల్లించెను. ఏడువేల పౌనులకు పైగా వ్యయమయ్యెను. అవిశ్వాసము ఆ నాలుగు నెలలలో కరగిపోయెను.

ప్రతి పనివాని యెదుట నలుపు, నీలము, పసుపు, తెలుపు రంగులు గల చిన్న కొయ్యముక్కను వ్రేలాడదీయించి, నిన్నటి పని ఎట్లుండెనో ఆ రంగువైపు త్రిప్పి యుంచుట ఆతని పద్ధతి. నలుపు చెడ్డది, తెలుపు శ్రేష్ఠము. తిట్టుట లేదు, కొట్టుట లేదు. అన్యాయమని తోచినవాడు నేరుగ యజమానికి మొర పెట్టుకొనవచ్చును. మన కార్యాలయములలో చిరకాలము రహస్యముగ నడచిన క్యారెక్టర్ రోల్ పద్ధతికంటె, అందరి కంటబడు ఈ కొయ్యముక్కయే మేలని మన సభ్యులు కొందరైనను ఒప్పుకొందురు! పదియేండ్లలోపు పిల్లలను పనిలో చేర్చుకొనుట మానివేసెను. పని దినమును పండ్రెండు గంటలకు, అందు భోజన విరామములు తీసివేయగా పదునొకండు గంటలలోపునకు తగ్గించెను. 1816 జనవరి 1వ తేదీన తెరచిన విద్యాలయమున పసిపిల్లలకు ఆటపాటలతో చదువు చెప్పించెను. మిల్లువారి అంగడిలో కల్తీలేని సరకును టోకుధరకు కొని కొద్దిపాటి లాభముతో అమ్మించి, ఆ లాభమును బడికి వినియోగించెను. 1963లో మన కేంద్రప్రభుత్వ ఉద్యోగుల వినియోగదారుల సంఘముగ వెలసిన కేంద్రీయ భండారునకు పూర్వీకులను వెదకుచు పోయినచో దారి ఈ అంగడి గుమ్మముముందు నుండియే పోవును.

ఇచ్చట ఒక విశేషమును చెప్పవలెను. లాభమునకు హద్దు పెట్టుటకు పాత భాగస్వాములు ఒప్పుకొనక మిల్లులను 1813లో వేలమునకు పెట్టిరి. ఓవెన్ క్రొత్త భాగస్వాములను కూడగట్టి 1,14,100 పౌనులకు పాడెను. పెట్టుబడిపై నూటికి అయిదు మాత్రమే తీసికొని, మిగిలినది కార్మికుల మేలునకు వెచ్చించుటకు వారు సమ్మతించిరి. ఆ భాగస్వాములలో ఒకడు జెరెమీ బెంథామ్. వడ్డీరేట్లపై ప్రభుత్వ నియమములు కూడదని 1787లోనే గ్రంథము వ్రాసిన స్వేచ్ఛావ్యాపారవాది ఆయన. తన సొమ్ము తనది గనుక, దానిపై తక్కువ లాభము తీసికొని ఎక్కువ మేలు చేయుటకు స్వేచ్ఛావాదమునందు అడ్డేమియు లేదని ఆయన ఒక గ్రంథము వ్రాయకయే నిరూపించెను. న్యూలానార్క్‌నందు ఉమ్మడి ఆస్తి లేదు. ఉన్నది యజమాని ఔదార్యము. కార్మికులకు వోటు లేదు, లెక్క అడుగు అధికారమును లేదు. ఆ తేడాను ఓవెన్ తగినంతగ గ్రహింపలేదు.

తన మిల్లులో జరిగినది దేశమంతట జరుగుటకు ఆతడు రెండు మార్గములు ఆలోచించెను. ఒకటి శాసనము. 1815నుండి ఆతడు చేసిన కృషికి ఫలితముగ 1819లో ప్రత్తిమిల్లుల చట్టము వచ్చెను గాని, తనిఖీ యేర్పాటు సరిగా లేక అది కాగితముమీదనే నిలిచెను. రెండవది సహకార గ్రామములు. అయిదువందలనుండి పదునైదువందల వరకు జనులు పొలముల నడుమ చతురస్రాకారముగ కట్టిన భవనములందు వసించి, ఉమ్మడిగ పండించి, ఉమ్మడిగ వండి భుజింతురు. 1817లో ఈ పథకమును ప్రకటించిన ఓవెన్, ఆ యేడే లండను సభలో మతములన్నిటిని ఖండించి సగముమంది మిత్రులను పోగొట్టుకొనెను. ప్రసిద్ధ ఆర్థికవేత్త డేవిడ్ రికార్డో ఆ పథకమును ఏమాత్రము నమ్మలేదు. అయినను 1819 డిసెంబరులో పార్లమెంటునందు దానిపై విచారణసంఘమును వేయుటకు అనుకూలముగ మాటలాడెను. నమ్మనిదానిని పరీక్షకు నిలుపనిచ్చుట ఉదారవాదులకు తగిన పద్ధతి.

పరీక్ష ఇంగ్లండున గాక అమెరికాలో జరిగెను. ఇండియానా రాష్ట్రమున వాబాష్ నదీతీరమున, జార్జి రాప్ అను గురువును అనుసరించిన జర్మను భక్తులు 1814లో హార్మొనీ అను గ్రామమును నిర్మించి, పదేండ్లకు దానిని అమ్మజూపిరి. వారిది కూడ ఉమ్మడి ఆస్తియే. బ్రహ్మచర్యము, కఠిన క్రమశిక్షణ, గురువాక్యము వారి ఆధారములు. దాదాపు ఇరువదివేల ఎకరములను, నూట ఎనుబది కట్టడములను ఓవెన్ 1825 జనవరిలో లక్ష డాలర్లకు పైగా ధరకు కొనెను. ఊరికి న్యూహార్మొనీ అని పేరు మార్చెను. ఫిబ్రవరి 25, మార్చి 7 తేదీలలో వాషింగ్టనున ప్రతినిధులసభా మందిరమున ఉపన్యసించెను. దిగిపోవుచున్న అధ్యక్షుడును, ఎక్కివచ్చుచున్న అధ్యక్షుడును శ్రోతలలో ఉండిరి.

వసంతమున ఎవరైనను రావచ్చునని పిలుపు ఇచ్చెను. ఆ యేడు ముగియులోపల ఎనిమిదివందలమందికి పైగా వచ్చిరి. పనిచేయుటకు వచ్చినవారు, వాదించుటకు వచ్చినవారు, ఊరకయుండుటకు వచ్చినవారు అందరును చేరిరి. సేద్యము తెలిసినవారు కొద్దిమంది. నేర్పరులైన పనివాండ్రు లేక రాప్ అనుచరులు విడిచిపోయిన కర్మశాలలు కొన్ని పడియుండెను. ఎవరెంత పనిచేసిరో అంగడి పుస్తకమున జమ వ్రాసి, దానికి బదులు సరకు ఇచ్చుట ఆనాటి యేర్పాటు. ఇంతలో ఓవెన్ జూను మాసమున బయలుదేరి ఇంగ్లండు వెళ్లి, 1826 జనవరిలో గాని మరలిరాలేదు. ఉన్నవారికే చోటులేక కుమారుడు విలియం తలపట్టుకొని కూర్చుండెను. మరలివచ్చినప్పుడు ఓవెనుతోపాటు శాస్త్రజ్ఞుల బృందము వచ్చెను. భూగర్భశాస్త్రవేత్త విలియం మెక్లూర్, కీటకశాస్త్రవేత్త థామస్ సే, బోధనకళయందు నిపుణురాలగు మేరీ ఫ్రెటాజో ఒకే పడవలో నది దిగివచ్చిరి.

మూడేండ్లు ప్రాథమిక సంఘముగ నడచి, అలవాటుపడిన పిదపనే పూర్తి సమష్టికి పోవలెనని మొదటి నియమము. ఓవెన్ ఆ గడువును ఏడాదిలోపే త్రోసివేసెను. 1826 ఫిబ్రవరి 5వ తేదీన సమానత్వ సమాజము ఏర్పడెను. ఇకమీదట జమాఖర్చులు లేవు. ఏ పనియైనను ఏ పనికైనను సమానము. కొద్ది వారములలోనే, పరిపాలన తమవలన కాదనియు, ఏడాదిపాటు ఓవెనే నడిపింపవలెననియు వారు ప్రార్థించిరి! సమానుల రాజ్యమున పూర్వపు యజమాని మరల యజమాని అయ్యెను. భూమి ఎవరిది అను ప్రశ్నకు అప్పటికిని సమాధానము లేదు. దస్తావేజు ఓవెన్ పేరిట ఉన్నది. సంఘము ధర చెల్లింపవలెనని ఆతడు కోరెను. ఇంకను తమ కూడు తాము పండించుకొనలేని సంఘము దేనితో చెల్లించును? కొందరు చీలిపోయి ప్రక్కనే వేరు సంఘములు పెట్టుకొనిరి. వానిలో ఆంగ్ల రైతులు పెట్టుకొన్నదానికి ఫైబా పెవెలి అని పేరు. అది ఏ దేవత పేరును కాదు. ఆ స్థలపు అక్షాంశ రేఖాంశముల అంకెలను ఒక మేధావి అక్షరములుగ మార్చి కూర్చిన పదము. రైతులు మాత్రము ఆ పేరును సహించి సేద్యము చక్కగ చేసిరి.

1826 జూలై 4, అమెరికా స్వాతంత్ర్యమునకు ఏబదియేండ్ల పండుగనాడు, ఓవెన్ వ్యక్తిగత ఆస్తిని, మతమును, వానిపై ఆధారపడిన వివాహమును మూడింటిని మానవుని బంధనములుగ ప్రకటించెను. మాజీ అధ్యక్షులు జెఫర్సన్, జాన్ ఆడమ్స్ ఇరువురును ఆ దినముననే మరణించిరి. 1827 వసంతమునాటికి న్యూహార్మొనీ సమష్టి ముగిసెను. ఓవెనును మెక్లూరును సొమ్మువిషయమై న్యాయస్థానమున తలపడి, మధ్యవర్తుల తీర్పుతో బయటపడిరి. దాదాపు నలుబదివేల పౌనులు, అనగా ఆస్తిలో అయిదింట నాలుగు పాళ్లు, ఓవెనుకు ఖర్చయ్యెను.

అచ్చట రెండేండ్లు వసించినవారిలో జొసయా వారెన్ అను సంగీతజ్ఞుడు, దీపముల తయారీదారు ఉండెను. సిన్సినాటిలోని తన దీపముల కర్మశాలను అమ్ముకొని భార్యాబిడ్డలతో వచ్చిన మనిషి ఆతడు. దుర్మార్గులవలన గాక, మంచివారి నడుమనే ప్రయోగము చెడినదని కన్నులార చూచెను. ప్రతివాని నిర్ణయమును ప్రతివానికి ముడివేసినందుననే కలహము పుట్టెనని ఆతని సిద్ధాంతము. వ్యక్తియే సార్వభౌముడు, ఆస్తి, బాధ్యత, నష్టము ఎవరివి వారివి కావలెను. 1827 మే మాసమున సిన్సినాటిలో గడియారపు అంగడి తెరచెను. సరకునకు అసలు ధరను నగదుగను, అంగడివాడు వెచ్చించిన కాలమునకు అంతే కాలపు శ్రమపత్రమును కొనువాడు ఇచ్చును. మూడేండ్లు నడిపి, ఋజువైనదని తలచి ఆతడే మూసివేసెను. 1851లో న్యూయార్కు సమీపమున మోడరన్ టైమ్స్ అను గ్రామమును స్థాపించెను. అచ్చట ఇండ్లును పొలములును ఎవరివి వారివి. ఇరుగుపొరుగు మాత్రము స్వేచ్ఛతో కూడినది. ఒకే వైఫల్యమునుండి గురువు ఒకటియు, శిష్యుడు దానికి సరిగా ఎదురైనదియు నేర్చుకొనిరి. నా మట్టుకు శిష్యుని రోగనిర్ణయమే మేలైనదని తోచును గాని, ఆతడు వ్రాసిన ఔషధము అందరికి పడునని చెప్పలేను. ఒంటరితనమును భరింపలేక ఉమ్మడిని కోరువారును మనుష్యులే గదా.

ఐర్లండునందలి రాలహైన్ కథ ఈ చిక్కును మరింత స్పష్టము చేయును. క్లేర్ ప్రాంతపు భూస్వామి వాండలూర్ డబ్లిన్‌లో ఓవెన్ ఉపన్యాసము విని, 1831లో తన 618 ఎకరములను కౌలుపత్రము వ్రాసి కూలీల సంఘమున కిచ్చెను. సాలునకు ఎంత పంట చెల్లింపవలెనో పత్రమున స్పష్టముగ నున్నది. సభ్యులను వోటుతో చేర్చుకొనిరి. పనికి శ్రమపత్రములు లెక్కించి ఇచ్చిరి. హత్యలతో అట్టుడుకుచున్న ఆ సీమలో సంఘము శాంతముగ వర్ధిల్లెను. 1833లో వాండలూర్ జూదమున సర్వము పోగొట్టుకొని పారిపోయెను. అప్పులవారు భూమిని స్వాధీనపరచుకొనిరి. కూలీల హక్కును చట్టము గుర్తింపలేదు. అచ్చట సమష్టిజీవనము చెడలేదు; దాని క్రింది దస్తావేజు చెడినది. ఉమ్మడిగ బ్రతుకదలచినవారికి కూడ ఆస్తిహక్కు ఎంత అవసరమో ఇంతకంటె గట్టిగ చెప్పు ఉదాహరణము నాకు దొరకలేదు.

దీనికి ఎదురు ఉదాహరణము రాప్ అనుచరులదే. పెన్సిల్వేనియాకు తరలిపోయిన ఆ సంఘమును విడిచిన ఒక సభ్యుడు తన భాగము కావలెనని దావా వేయగా, 1856లో అమెరికా సుప్రీంకోర్టు దానిని త్రోసిపుచ్చెను. అతడు తన యిష్టముతో ఒడంబడికపై చేవ్రాలు చేసెను. వెళ్లునప్పుడు 200 డాలర్లు పుచ్చుకొని రసీదు వ్రాసి యిచ్చెను. ఒప్పందము ఒప్పందమే అని కోర్టు తీర్పు. స్వేచ్ఛావాదుల న్యాయము ఇట్లే యుండును. వ్యక్తిస్వేచ్ఛయందు, తన ఆస్తిని ఉమ్మడికి ఇచ్చివేయు స్వేచ్ఛయు చేరియున్నది. రాబర్ట్ నోజిక్ 1974లో ప్రకటించిన గ్రంథమున ఈ వాదమును తుదివరకు సాగించెను. రాజ్యము ఎవరిని నిర్బంధింపరాదు. దాని నీడన సమష్టివాదులు సమష్టిగను, తక్కినవారు తమ తమ విధమునను జీవింతురు. కావలసినది బయటపడు హక్కు ఒక్కటే. వినుటకిది ఇంపుగనే యున్నది. కాని ఇరువదియేండ్ల శ్రమను ఉమ్మడిలో పోసి, వట్టిచేతులతో ద్వారము దాటవలసినవానికి ఆ ద్వారము నిజముగ తెరచియున్నదా? అందు పుట్టి పెరిగిన బిడ్డ ఏ పత్రముపై చేవ్రాలు చేసెను? ఈ ప్రశ్నలకు కోర్టు తీర్పుగాని నోజిక్ గ్రంథముగాని నాకు తృప్తినిచ్చు సమాధానము చెప్పలేదు. ఓవెన్ సిద్ధాంతము వేరొకవైపునుండి ఇదే చిక్కున పడినది. మనిషి శీలము పరిసరముల చేతిలోనిదే యైనచో, స్వచ్ఛందముగ చేరినాడు అను మాటకు అర్థమేమి?

ఇంగ్లండునకు మరలిన ఓవెనును కార్మికులు నాయకునిగ స్వీకరించిరి. 1832 సెప్టెంబరులో లండనున శ్రమవినిమయశాల తెరువబడెను. చెప్పులు కుట్టువాడు జోళ్లు తెచ్చి, ముడిసరకు విలువకును పట్టిన గంటలకును, గంట ఆరు పెన్సుల చొప్పున, పత్రము పుచ్చుకొని, మరియొకరి సరకు తీసికొనిపోవును. మొదట జనము త్రొక్కిసలాడిరి. క్రమముగ అక్కరకువచ్చు సరకు వచ్చిన గడియకే మాయమగుచు, అక్కరలేనిది గుట్టపడజొచ్చెను. వస్తువు చేయుటకు ఎన్ని గంటలు పట్టెనో పత్రము చెప్పును. అది ఎవరికి కావలెనో చెప్పదు. ఈ విషయమును ఇరువదవ శతాబ్దపు ఆర్థికవేత్తలు గ్రంథములుగ వ్రాసిరి. లండను చెప్పుల వర్తకులు 1834 నాటికే గ్రహించియుండిరి. శాల మూతపడెను. ఆ యేడు స్థాపించిన మహా కార్మికసంఘ సమాఖ్యయు కొద్ది నెలలలో కూలెను. 1839లో హాంప్‌షైరున ఆరంభించిన క్వీన్‌వుడ్ గ్రామము ఆడంబరమైన కట్టడముల వ్యయముతో 1845లో ముగిసెను.

నిలిచినది ఆతడు అంతగ పట్టించుకొననిది. 1844 డిసెంబరు 21వ తేదీన రాచ్‌డేల్ పట్టణమున 28 మంది సభ్యులు, 28 పౌనుల మూలధనముతో ఒక చిన్న అంగడి తెరచిరి. వారిలో ఓవెన్ అనుయాయులు కొందరు. స్వయంపోషక గ్రామమును స్థాపించుట కూడ వారి మొదటి ఆశయములలో నుండెను. గ్రామము రాలేదు గాని అంగడి పెరిగెను. మనిషికొక్క వోటు, మార్కెట్టు ధరకు అమ్మకము, కొన్నదాని కొలది లాభపు పంపిణీ, కోరినప్పుడు వాటాధనము వాపసు. ఉమ్మడికి హద్దులు వ్రాసికొనిరి; తక్కిన బ్రతుకు ఎవరిది వారికి విడిచిరి. 1904 చట్టముతో మన దేశమున మొదలైన సహకారోద్యమము కూడ ఐరోపాలోని ఇట్టి సంఘములనే మార్గదర్శకములుగ కొనెను.

వృద్ధాప్యమున ఓవెన్ 1853నుండి పరలోకవాసులతో సంభాషించు విద్యను నమ్మజొచ్చెను. మిత్రులు నొచ్చుకొనిరి. న్యూహార్మొనీలో మిగిలిన భూములను కుమారుల కిచ్చివేయగా, వారు పంపు సాలీనా సొమ్ముతో ఆతడు కాలము గడపెను. ఆస్తిహక్కును బంధనమని చాటినవానిని తుదకు పోషించినది కుమారుల స్వంత భూములే. ఆ కుమారులు గొప్పవారైరి. రాబర్ట్ డేల్ ఓవెన్ అమెరికా ప్రతినిధులసభ సభ్యుడై 1846లో స్మిత్సోనియన్ సంస్థను ఏర్పరచు చట్టమును నడిపించెను. డేవిడ్ డేల్ ఓవెన్ న్యూహార్మొనీ కేంద్రముగ భూగర్భ పరిశోధనలు చేసి ఖ్యాతి గడించెను. న్యూలానార్క్ మిల్లులు 1968 వరకు నూలు వడకినవి. 2001లో ఆ గ్రామము ప్రపంచ వారసత్వ స్థలముగ గుర్తింపబడినది.

1858 శరత్కాలమున, ఎనుబదియేడేండ్ల వయస్సున, లివర్‌పూల్ నగరమున జరిగిన సాంఘికశాస్త్ర సభకు ఓవెన్ పోయి, మాటలాడుచుండగనే శక్తి తప్పెను. కొంత కోలుకొనగనే, బాల్యమున విడిచిన న్యూటౌన్ చేరి, తాను పుట్టిన యింటి ప్రక్కనున్న హోటలులో దిగెను. పడకమీదనుండియే ఆ ఊరి బడుల సంస్కరణమునుగూర్చి మతాచార్యునితో చర్చలు జరుపుచుండెను. నవంబరు 17వ తేదీన మరణించెను. శిథిలమైన సెయింట్ మేరీ దేవాలయపు ఆవరణమున తల్లిదండ్రుల సమాధి చెంత ఆతనిని ఖననము చేసిరి.